విప్పిన చెయ్యి

దూదక్క పరుపు మూల కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, నడిమధ్య నుంచి గుప్పెడు దూది లాగింది. దాన్ని రెండు చేతుల్తో చీల్చి, కళ్ళు మూసుకుని, ముక్కు అందులో పెట్టి గట్టిగా పీల్చింది.

ఏమీ తెలియలేదు.

ఈసారి ముఖమంతా దూదిలో పూడ్చి మరీ పీల్చింది. గొంతు గరగరలాడి దగ్గొచ్చింది గానీ వాసన రాలేదు. చటుక్కున పక్కకు చూసింది. మరిది బల్ల దగ్గర నిలబడి చారల గుడ్డ కొలుస్తున్నాడు, ఇటు చూడటం లేదు. గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మ మాత్రం చూస్తోంది.

“పనికొస్తుందా అండీ?” అంది టీచరమ్మ. ఆ పరుపు వానలన్నాళ్ళూ మెట్ల కింద పడి ఉందట. వాళ్ళ నాన్నగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. రేపు ఇంటికి తెస్తున్నారు. స్పాంజి మీద ఒళ్ళు మండిపోతోంది, నా పాత పరుపు నాకు కావాలని పెద్దాయన పట్టుబట్టాడట. బూజు గీజు ఉంటే మొహమాటం లేకుండా చెప్పమనీ, కొత్తదే చేయించేస్తాననీ అంది.

దూదక్క దూదిని వేళ్ళతో నలిపి చూసింది. పాత దూది ఎప్పుడూ బూడిదరంగులోనే ఉంటుంది, కంటికి తేడా తెలియదు. చేతికి పొడిగానే ఉంది. “పనికొస్తుందమ్మా. ఏకి కుడితే కొత్తదానికి తీసిపోదు” అంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. టీచరమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది.

ఇక్కడ ముక్కు సంగతి చెప్పాలి. పాత పరుపు కొట్టుకు వస్తే మొదటి పని వాసన చూడటం. చెమట పట్టిన దూది పుల్లగా ఉంటుంది, ఎలుక తిరిగింది ఘాటుగా ఉంటుంది, బూజు పట్టింది తడిమట్టిలా, మూసిన పెట్టెలా ఉంటుంది. మొదటి రెండూ ఏకితే పోతాయి. మూడోది పోదు, దాన్ని కాల్చాల్సిందే. ఈ తీర్పు చెప్పడంలో దూదక్కను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కొట్టులో తూనిక తప్పినా మా వదిన ముక్కు తప్పదని మరిది వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఒకసారి ఒకావిడ పరుపు వాసన చూసి, మీ ఆయన పడుకుని చుట్ట కాలుస్తాడా అని మామూలుగా అడిగింది. ఆయన చుట్ట మానేశానని పెళ్ళాం మీద ఒట్టు వేసి ఉన్నాడు పాపం. పరుపు కుట్టడం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని చెప్పుకున్నారు.

అలాంటి ముక్కు పోయింది. ఒక్కసారిగా పోలేదు. ఒక రంధ్రం దిబ్బడ వేసింది, తర్వాత రెండోది. చీదితే నల్లగా ఏదో చెక్కులా వచ్చింది, దుమ్మేలే అనుకుంది. రాత్రిళ్ళు జ్వరం మొదలైంది. దగ్గు వచ్చింది. వాసన తెలియని కొద్దీ ఆవిడ ముక్కును ఇంకా లోతుగా పెట్టింది, ఇంకా గట్టిగా పీల్చింది. ఎవరైనా అంతే చేస్తారు. కళ్ళు మసకబారినవాడు దీపానికి దగ్గరగా జరగడూ!

ఆవిడ పొట్టి మనిషి. అరచేతులు వెడల్పు. కుడి బొటనవేలి మీద పురికొస లాగిలాగి పడిన గాడి ఒకటి ఉంది, స్నానం చేసినా అందులో నలుపు పోదు. పెళ్ళయి ఈ కొట్టుకు వచ్చిన దగ్గర్నుంచి జుట్టులో దూది నూగు లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు. అందుకే దూదక్క అయింది. ఇప్పుడు జుట్టు నిజంగానే తెల్లబడింది గనుక ఏది నూగో ఏది నెరిసిన వెంట్రుకో తెలియదు. కళ్ళలో ఎప్పుడూ కాస్త పసుపు ఉంటుంది. ఈ మధ్య కాళ్ళూ చేతులూ సన్నబడి, ముఖం మాత్రం గుండ్రంగా నిండింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆవిడ మొగుడు అది చూసి మురిసిపోయాడు.

మొగుణ్ణి అందరూ కండక్టరు అంటారు. బస్సుల్లో చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూడా తలుపు దగ్గర నిలబడి “ఎక్కేవాళ్ళు ఎక్కండి” అన్నట్టే మాట్లాడతాడు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క ప్రయాణికురాలూ నువ్వే, నిన్ను దింపేస్తే బస్సు డిపోకే అని నవ్వేవాడు. పదేళ్ళ కిందట ఆయన కడుపుకు ఆపరేషన్ అవసరమైతే దూదక్క రక్తం ఇస్తానని వెళ్ళింది. తీసుకోలేదు. నీ రక్తంలో కామెర్ల వైరస్ ఉందమ్మా, ఎప్పటినుంచో కాలేయంలో కాపురం పెట్టింది అన్నారు. మొగుడికి జబ్బని వెళ్తే తన జబ్బు బయటపడింది. అప్పటినుంచి రోజుకో మాత్ర. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది అన్నారు. ఉంది కూడా. కానీ అప్పటికే కాలేయం సగం గట్టిపడిపోయింది.

ఆ రోజు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఈ జబ్బున్నవాళ్ళకు ఒంట్లో కాపలా తక్కువ, దుమ్ముకీ చెమ్మకీ బూజుకీ దూరంగా ఉండాలి అంది. ఏం పని చేస్తావని అడిగింది. దూదక్క కుట్టుపని అంది. డాక్టరమ్మ కళ్ళ ముందు మిషనూ, జాకెట్లూ మెదిలి ఉంటాయి, మంచిదే అని రాసుకుంది. పక్కనే ఉన్న కండక్టరు నోరు విప్పలేదు. బయటికొచ్చాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. కుట్టుపని అబద్ధమేమీ కాదుగా అని ఎవరి మనసుకు వాళ్ళు చెప్పుకున్నారు.

దగ్గు పట్టుకున్నాక దూదక్క పెద్దాసుపత్రికి పోకుండా ముందు మూలమీది మందుల కొట్టుకు పోయింది. ఆయన ఆయాసం విని, చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. ఇది వేసుకుంటే ఏనుగులా తిరుగుతారండీ అన్నాడు. ఆయన మాట అబద్ధం కాలేదు. రెండో రోజుకే ఊపిరి తేలికైంది, ఆకలి విరుచుకుపడింది. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక పొద్దున ఎడమ ముక్కులోకి కొత్త దూది వాసన సన్నగా వచ్చింది. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. అంతే, ఆ మాత్రలు దబ్బనాల డబ్బాలో చేరాయి. వాసన మళ్ళీ పోయింది, మాత్రలు మాత్రం ఆగలేదు. ఆపితే ఒళ్ళు కూలబడేది. పెద్దాసుపత్రిలో చెప్పలేదు, మొగుడికీ చెప్పలేదు. ముఖం నిండుతుంటే ఆయన “మావాళ్ళంతా అడుగుతున్నారే, దూదక్కకు ఏం పెడుతున్నావని” అనేవాడు. ఆ మాటకు నవ్వి ఊరుకునేది.

ఇవాళ పొద్దున ఆయన నవ్వలేదు. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పోయిన వారం దగ్గు కోసం అక్కడ చేయించిన కఫం పరీక్ష, ఊపిరితిత్తుల ఫొటో వచ్చాయి. నాలుగింటికల్లా రమ్మన్నారు. బట్టలు తెచ్చుకోమన్నారు. ఆ చివరి మాట ఆయన చిన్నగా చెప్పాడు. అప్పుడే సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టాడు. వెళ్దాంలే, ఒక్క పరుపు ఉంది, చూసి వస్తా అని ఈవిడ కొట్టుకొచ్చింది. సంచీని దాటుకుని రావాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ ఒక్క పరుపూ విప్పేసింది. విప్పిన చెయ్యే కుట్టాలి. అది ఈ పనివాళ్ళ కట్టడి. పరుపులో జనం ఏం దాచుకుంటారో ఎవరికీ తెలియదు. ఒకసారి ఉంగరం దొరికింది, ఒకసారి కట్టుడు పళ్ళు దొరికాయి. నలుగురి చేతులు పడితే పోయినదానికి జవాబు చెప్పేవాళ్ళుండరు. అందుకని ఎవరు విప్పితే వాళ్ళే ఏకి, నింపి, ఆఖరి మూల మూసి ముడి వేయాలి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళున్నా ఇదే మాట. మామగారు పోయిన రోజు కూడా మరిది సగం కుట్టిన పరుపు పూర్తి చేసి మరీ శవం దగ్గరికి వచ్చాడు. అప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు.

దూదక్క దూదినంతా లాగి వెనక గదిలోకి చేరవేసింది. ఆ గదికి ఒక్కటే కిటికీ. ఏకే మిషను పెట్టగానే గది తెల్లగా మసకబారింది. మామూలుగా ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటుంది. ఇవాళ మాటిమాటికీ గుడ్డ కిందికి లాగి వాసన చూసింది. మిషన్లోంచి వచ్చిన దూది వేడిగా ఉంటుంది, వేడికి వాసన పైకి తేలుతుంది, ఇప్పుడైనా తెలుస్తుందేమోనని ఆశ. తెలియలేదు. ఆ పెద్దాయన తుంటికి కట్టుతో, పచ్చి గాయంతో ఈ పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉండటం కళ్ళకు కట్టింది. బూజుంటే? లేకపోవచ్చు. ఉంటే?

మధ్యాహ్నం మరిది టీ గ్లాసులు తెచ్చాడు. ఆవిడ గ్లాసు వేరే ఉంటుంది, అంచున ఎర్రదారం చుట్టి. వైరస్ గ్లాసుతో అంటదని డాక్టరు చెప్పినా దూదక్కే పట్టుబట్టి అలా పెట్టించుకుంది. మరిదికి అది ఏనాడూ నచ్చలేదు. దారం ఊడిపోతే కట్టేవాడు కాదు, ఆవిడే కట్టుకునేది.

ఈ దూది ఎలా ఉందో నువ్వోసారి చూడరాదూ అని మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, తెలివిగా ఇంకోలా అడిగింది. “ఏం మరిదీ, నువ్వు వాసన చూడటం ఎప్పుడు నేర్చుకుంటావ్?”

“నువ్వుండగా నాకెందుకు వదినా ఆ బాధ? దేవుడు నాకు ముక్కు జలుబు కోసం ఇచ్చాడు” అన్నాడు.

ఆవిడా నవ్వింది. దబ్బనంలో దారం ఎక్కించడానికి చత్వారం అడ్డమొస్తోంది, పరుపు మోయడానికి రెక్కల్లో సత్తువ లేదు. ఈ ముక్కు కూడా లేదంటే ఇక ఈ కొట్టులో తను చేసేదేముంది? ఇంటి దగ్గర గుమ్మం పక్కన సర్దిపెట్టిన సంచీకీ తనకూ తేడా ఏముంది? టీ తాగింది. వేడి తెలిసింది, రుచి తెలియలేదు. డబ్బాలోంచి తెల్ల మాత్ర ఒకటి తీసి, మరిది అటు తిరిగినప్పుడు మింగింది.

కొత్త చారల గుడ్డ తిత్తిలో దూది నింపింది. మోకాళ్ళ మీద పరుపు చుట్టూ పాకుతూ, అరచేతుల్తో కొట్టి సమం చేసింది. ఎక్కడ గుంట ఉందో ఎక్కడ గడ్డ ఉందో చేతులు చెబుతూనే ఉన్నాయి. చేతులు అబద్ధమాడవు. అంచు కుట్టు మొదలుపెట్టింది. దబ్బనం గుచ్చడం, లాగడం, బొటనవేలితో నొక్కడం. మూడు వైపులు పూర్తయి నాలుగో వైపుకు తిరిగేసరికి దగ్గొచ్చింది. ఈసారి దగ్గు తెర ఆగలేదు. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి చూస్తే ఎర్రగా ఉంది. చారికలా కాదు, ముద్దలా ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ గుడ్డను గబగబా మడిచి నడుము దగ్గర దోపుకుంది. ఎవరూ చూడలేదనుకుంది.

“ఏమే.”

గుమ్మంలో కండక్టరు నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, పరుపు పక్కన నేల మీద కూలబడ్డాడు. గోడ గడియారం నాలుగు దాటింది. ఒక్క మూల మిగిలిందని ఆవిడ అంది. ఆయన తలూపి, కుట్టాల్సిన రెండు అంచుల్నీ వేళ్ళతో దగ్గరికి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన పరుపు ముట్టుకోవడం అదే మొదలు. ఆవిడ ఆయన వేళ్ళను కాస్త జరిపి అంచులు సరిచేసింది.

దూదక్క దబ్బనం గుచ్చింది. సగం లాగి ఆగింది. మూల ఇంకా తెరిచే ఉంది, గుప్పెడు దూది బయటికి తొంగి చూస్తోంది. ముక్కు పెట్టి చూడాలని అలవాటుకొద్దీ మెడ వంగబోయింది. వంచలేదు. దబ్బనాన్ని ఆ మూలనే గుడ్డలో దిగేసి, దారం జారకుండా దాని మెడకు రెండు చుట్లు తిప్పింది.

“మరిదీ” అని పిలిచింది. అతను వచ్చాడు. “ఈ పరుపు పంపొద్దు. నువ్వొకసారి వాసన చూడు. నా ముక్కు పోయింది. ఎప్పుడో పోయింది.”

మరిది తెరిచి ఉన్న మూల వైపు చూశాడు. అన్న వైపు చూశాడు. అన్న సంచి వైపు చూస్తున్నాడు.

“బాగుంటే రేపొచ్చి మూల మూస్తా. ఎవర్నీ ముట్టుకోనివ్వకు” అని లేచింది దూదక్క. మోకాళ్ళ మీద నూగు దులుపుకుంది. పనిని సగంలో వదిలి గుమ్మం దాటడం ఆవిడ ఎరగదు. భయం ఒక పక్క, సిగ్గు ఒక పక్క. అయినా దాటింది. బతకాలని ఉంది మరి.

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఎప్పట్లా టిక్కెట్టు ఇచ్చే కుర్రాడికి సలహాలు చెప్పలేదు. రెండు స్టాపులు దాటాక ఆవిడ కొంగు చాటు నుంచి దబ్బనాల రేకు డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. మూత తీసి మాత్రలు చూపించి, ఎప్పట్నుంచి మింగుతోందో చెప్పింది. ఆయన డబ్బాకు మూత పెట్టాడు.

“నీ ముఖం నిండిందని నేను వీధంతా చెప్పుకున్నాను గదే” అన్నాడు.

డాక్టరమ్మ ఆ రోజు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని కండక్టరు తర్వాత అనుకున్నాడు. డబ్బా చూసి ఇవి స్టెరాయిడ్లు అని, ఊపిరితిత్తుల ఫొటో వెలుగుకు పెట్టి, అందులో తెల్లటి ఉండల్ని చూపించింది. బూజు అంది. గాలిలో అందరూ పీల్చేదే, మామూలు మనిషికి ఏమీ కాదు. ఈవిడ ఒంట్లో కాపలా కాలేయం జబ్బుతోనే తగ్గింది, మిగిలిన కాపలావాణ్ణి ఈ తెల్ల మాత్రలు నిద్రపుచ్చాయి. ముక్కు వెనకా, ఊపిరితిత్తుల్లోనూ పాతుకుంది. దానికి మందుంది, కానీ ఆ మందు కాలేయానికి బరువు. తెల్ల మాత్రలు ఒక్కసారిగా ఆపడానికీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా మొదలుపెడదాం అంది. చివర్లో అడిగింది, కుట్టుపని అన్నారు కదా, ఇంత బూజు ఎక్కడ తగిలిందీ అని. ఈసారి కండక్టరు నోరు విప్పాడు. అంతా చెప్పాడు. పదేళ్ళు ఆలస్యంగా చెప్పాడు.

వార్డులో మంచం మీద కూర్చోగానే దూదక్క దిండు నొక్కి చూసింది. “దూది కాదు ఇది, చెత్త. నీ తలకింద పెట్టుకోకు” అని మొగుణ్ణి హెచ్చరించింది. మొదటి రెండు రోజులూ మరిది ఏమన్నాడని అడిగింది, పరుపు సంగతి. బాగానే ఉందన్నాడు, నువ్వొచ్చి మూల మూయాలట అని కండక్టరు చెప్పాడు. ఆవిడ ముఖం తేటపడింది. తర్వాత కళ్ళ పసుపు చిక్కబడింది, మాటలు ముద్దయ్యాయి, మందు మార్చారు. ఒక పొద్దున ఆయన వేడినీళ్ళు పట్టుకు రావడానికి కిందికి వెళ్ళాడు. ఫ్లాస్కు నింపుకుని వచ్చేసరికి నర్సు మంచం చుట్టూ తెర లాగుతోంది. ఆవిడ కుడి చెయ్యి దుప్పటి అంచును రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది, కుట్టడానికి దగ్గరికి తెచ్చినట్టు. ఆయన ఫ్లాస్కు కింద పెట్టి, ఆ వేళ్ళు విడదీయకుండా పక్కన కూర్చున్నాడు.

మరిది మాత్రం ఆ మాట అననే లేదు. ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళగానే అతను మోకాళ్ళ మీద కూర్చుని, తెరిచి ఉన్న మూలలో ముక్కు పెట్టాడు. జలుబు కోసం ఇచ్చిన ముక్కే. అయినా ఒక్క పీల్పుకే తెలిసిపోయింది. తడిమట్టి, మూసిన పెట్టె. వెనక్కి పడ్డాడు. ఇంతటి కంపులో వదిన పొద్దుట్నుంచీ ముఖం పూడ్చుకుని కూర్చుందని తెలిసి, ఒక్కడే ఏడ్చాడు. మర్నాడు టీచరమ్మకు కబురు పెట్టి, కొత్త దూదితో వేరే పరుపు కుట్టి ఇచ్చాడు. పెద్దాయన దాని మీద హాయిగా నిద్రపోతున్నాడట. ఈ సంగతులేవీ అన్నకు చెప్పలేదు. అన్న అడగలేదు.

బూజు పట్టిన పరుపును కాల్చేయాలి. అది మరిదికి తెలుసు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి వెనక పెరట్లోకి మోసుకెళ్ళాడు, అగ్గిపెట్టె కూడా తీసుకెళ్ళాడు. కాల్చాలంటే ముందు దబ్బనం తీయాలి. విప్పిన చెయ్యి కానిది దాని మీద పడకూడదు. రేకుల కింద ఆ పరుపు అలాగే గోడకు ఆనించి ఉంది. ప్లాస్టిక్ లోంచి ఒక మూల కనబడుతుంది, అక్కడ దబ్బనం సగం దాకా దిగి ఉంది, జారకుండా దాని మెడకు దారం రెండు చుట్లు తిప్పి ఉంది.